అమెరికాలో మన పిల్లలను పోలీసులు ఆపినప్పుడు: కతోలిక శ్రీసభ వైఖరిని తెలుసుకొని ఇంటి నుంచి సాయపడే విధానం

కావలిలో మా విచారణకు (గుడి పరిధిలోని విశ్వాసుల సంఘానికి) చెందిన ఒక తండ్రి నిరుడు ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి, టెక్సాస్‌లో చదువుకుంటున్న తన కుమారుని కారును వెనుక దీపం వెలగడం లేదని అక్కడి పోలీసు ఆపినట్లు చెప్పారు. జరిమానా కాగితంతో వ్యవహారం ముగిసింది. అయితే ఆ రాత్రి కుమారుడు ఫోను చేసినప్పుడు తాను, "పోలీసోళ్లతో మనకెందుకు నాయనా, ఇంకోసారి ఆపితే ఏమడిగితే అది చెప్పెయ్యి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టెయ్యి" అని బుద్ధి చెప్పానని, అది సరైన మాటేనా అని ఆయన నన్ను అడిగారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఏ తల్లిదండ్రులైనా ప్రేమతో చెప్పే మాట అదే. అమెరికాలో మాత్రం ఆ మాట బిడ్డకు కీడు చేయగలదు. ఎందుకు చేయగలదో, అక్కడి కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) స్థానిక పోలీసుల చేతికి వలస చట్టాన్ని అప్పగించడాన్ని ఎందుకు వ్యతిరేకిస్తున్నారో, ఇది తెలిసిన తల్లిదండ్రులు ఇక్కడి నుంచి ఏ పనులు చేయవచ్చో వరుసగా రాస్తున్నాను. ఇది న్యాయవాది సలహాకు బదులు కాదు. న్యాయవాది దొరికేలోగా తప్పు జరగకుండా చూసుకోవడానికి పనికివస్తుంది.

మొదట వదిలిపెట్టవలసిన అలవాటు

మనకు పోలీసు అంటే ఒక్కటే. పాస్‌పోర్టు విచారణకు ఇంటికి వచ్చేది పోలీసే. మన జిల్లాలో విదేశీయుల నమోదు అధికారి కూడా జిల్లా ఎస్పీయే. అమెరికాలో ఈ రెండు పనులూ రెండు వేర్వేరు ప్రభుత్వాలవి. ఎవరు దేశంలోకి రావచ్చు, ఎంతకాలం ఉండవచ్చు అన్నది ఫెడరల్ ప్రభుత్వం చూసుకుంటుంది. ఇమ్మిగ్రేషన్ అరెస్టులు చేసే ఐసీఈ ఆ ప్రభుత్వానికి చెందిన సంస్థ. వీధిలో కారు ఆపే పోలీసు చాలావరకు ఊరి పురపాలక సంఘానికి చెందినవాడు. మన జిల్లా వంటి కౌంటీలో జైలును నడిపే షెరీఫ్ ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న వ్యక్తి. ఫెడరల్ ప్రభుత్వం తన చట్టాన్ని అమలు చేయవలసిందిగా రాష్ట్రాల అధికారులను శాసించలేదని అమెరికా సుప్రీంకోర్టు 1997లో ఒక తీర్పులో స్పష్టం చేసింది.

ఈ రెండింటి మధ్య గోడకు తలుపు పెట్టినది 1996 నాటి చట్టం. ఆ ఏడాది ఇమ్మిగ్రేషన్ చట్టంలో చేర్చిన 287(జి) అనే సెక్షన్ ప్రకారం, ఫెడరల్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న స్థానిక పోలీసు శాఖ సిబ్బంది శిక్షణ పొంది ఇమ్మిగ్రేషన్ అధికారుల పనిని కొంత చేయవచ్చు. మొదటి ఒప్పందం 2002లో ఫ్లోరిడాతో కుదిరింది. కొన్ని ఒప్పందాలు జైలులో ఉన్నవారికే పరిమితం. వీధిలోనే వలస స్థితిని ప్రశ్నించే అధికారం ఇచ్చే రకాన్ని 2012లో ఆపివేసినా 2025లో మళ్లీ తెచ్చారు. దీనికి తోడు 'డిటైనర్' అనే కాగితం ఒకటుంది: విడుదల కావలసిన వ్యక్తిని ఐసీఈ వచ్చేవరకు మరో 48 గంటల దాకా జైలులోనే ఉంచమని చేసే అభ్యర్థన అది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఏ కారణంతో అరెస్టు చేసినా తీసుకునే వేలిముద్రలు 2008లో మొదలైన విధానం వల్ల ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ అధికారులకు చేరతాయి. ఐసీఈకి సహకరించబోమని ప్రకటించిన ఊళ్లలో కూడా దీనిని ఎవరూ ఆపలేరు.

కాబట్టి మొదటి పని, బిడ్డ ఉండే కౌంటీ పరిస్థితి ఏమిటో తెలుసుకోవడం. ఒప్పందాలున్న పోలీసు శాఖల జాబితాను ఐసీఈ తన వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ఉంచుతుంది. అందులో తన కౌంటీ, తన ఊరు ఉన్నాయేమో చూసుకోమని బిడ్డకు చెప్పండి. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో, చట్టబద్ధంగా నిలిపివేసిన వ్యక్తిని అతని వలస స్థితి గురించి ప్రశ్నించకుండా పోలీసులను ఎవరూ ఆపరాదని 2017లోనే చట్టం చేశారు. అక్కడి కతోలిక పీఠాధిపతులు దానిని వ్యతిరేకించారు. అదే ఏడాది కాలిఫోర్నియా, ఇల్లినాయిస్ రాష్ట్రాలు స్థానిక పోలీసుల సహకారాన్ని పరిమితం చేస్తూ చట్టాలు చేశాయి. మరుసటి ఏడాది న్యూజెర్సీ అదే దారిలో ఆదేశాలు ఇచ్చింది. ఒకే పొరపాటు టెక్సాస్‌లోని డాలస్‌లో ఒక ఫలితాన్ని, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మరొక ఫలితాన్ని ఇవ్వగలదు. ఒక పిల్లవాడికి జరిగినది విని మరొకరికి ధైర్యం చెప్పడం అందుకే తగదు.

శ్రీసభ దేనిని కాదంటోంది, దేనిని కాదనడం లేదు

ఈ సంగతిని విచారణలో నలుగురికి చెప్పబోతే, "చట్టం తప్పినవారిని గురువులు వెనకేసుకొస్తారా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి జవాబు చెప్పగలిగేలా సిద్ధపడాలి. అమెరికా, మెక్సికో పీఠాధిపతులు కలిసి 2003 జనవరిలో వెలువరించిన లేఖలో 5 సూత్రాలు ఉన్నాయి: సొంత దేశంలోనే బతుకుతెరువు దొరకడం మనిషి హక్కు, అది దొరకనప్పుడు కుటుంబాన్ని పోషించుకోవడానికి వలస వెళ్లడం హక్కు, తన సరిహద్దులను కాపాడుకోవడం ప్రతి దేశానికీ ఉన్న హక్కు, ప్రాణభయంతో వచ్చిన శరణార్థికి రక్షణ ఇవ్వాలి, కాగితాలు లేని వలసదారుని మానవ గౌరవాన్ని, హక్కులను కూడా మన్నించాలి. మూడవ సూత్రాన్ని వదిలివేసి చెబితే శ్రీసభ బోధను సగమే చెప్పినట్లవుతుంది. 2025 నవంబరు 12న బాల్టిమోర్‌లో 216 ఓట్లతో, అయిదుగురు మాత్రమే వ్యతిరేకించగా ఆమోదించిన ప్రత్యేక సందేశంలో కూడా పీఠాధిపతులు విచక్షణ లేని సామూహిక బహిష్కరణలను వ్యతిరేకిస్తూనే, సరిహద్దులను క్రమబద్ధం చేసుకొనే హక్కు దేశాలకు ఉన్నదని అంగీకరించారు.

ఇక వారి వ్యతిరేకత చట్టసభలలో, న్యాయస్థానాలలో ఎలా సాగిందో చెప్పడానికి అలబామా ఉదాహరణ ఒక్కటి చాలు. 2011 జూన్‌లో ఆ రాష్ట్రం చేసిన చట్టం పోలీసులకు వలస స్థితిని విచారించే బాధ్యతను అప్పగించడమే కాక, కాగితాలు లేని మనిషికి ఆశ్రయం ఇవ్వడాన్ని, అతనిని వాహనంలో ఎక్కించుకొని పోవడాన్ని కూడా నేరం చేసింది. ఆ రాష్ట్రంలోని మొబైల్ నగరపు అగ్రపీఠాధిపతి థామస్ రోడి, బర్మింగ్‌హామ్ పీఠాధిపతి రాబర్ట్ బేకర్ ఎపిస్కోపల్, మెథడిస్టు పీఠాధిపతులతో కలిసి ఆగస్టు 1న కోర్టుకు వెళ్లారు. రోగిని ఆసుపత్రికి, వృద్ధురాలిని దివ్యపూజకు తీసుకువెళ్లే ముందు ఆమె కాగితాలు అడగవలసి వస్తే మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన పరదేశి సేవను చేయడం ఎలా కుదురుతుందన్నది వారి వాదన సారాంశం. ఆశ్రయానికి, రవాణాకు సంబంధించిన భాగాలను ఫెడరల్ న్యాయమూర్తి ఆ సెప్టెంబరులోనే నిలిపివేశారు. అరిజోనా 2010లో చేసిన ఇటువంటి చట్టంపై సుప్రీంకోర్టు 2012 జూన్ 25న తీర్పు ఇస్తూ 4 నిబంధనలలో 3 చెల్లవని చెప్పింది. ఆ కేసులో పీఠాధిపతుల సమాఖ్య చట్టానికి వ్యతిరేకంగా తన వాదన దాఖలు చేసింది. దేశం విడిచి పోవలసిన వ్యక్తి అక్కడే ఉండిపోవడం సాధారణంగా క్రిమినల్ నేరం కాదని ఆ తీర్పులోనే ఉంది. చట్టం తప్పడం అన్నమాట వాడేటప్పుడు ఈ తేడాను వినేవారికి విడమరచి చెప్పాలి.

మన నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) ఏర్పడిన 1928 నుంచి దానిని నడిపించిన మిల్ హిల్ అనే మిషనరీ సభ గురువులు సముద్రాలు దాటి వచ్చినవారే. పరదేశిని ఆదరించడం అనే మాట మన ఊళ్లకు పుస్తకంలోని పాఠం కాదు.

మన ఆడపిల్లల విషయం

పోలీసును చూసి వలసదారుడు భయపడితే, అతనికి అన్యాయం చేసినవాడు నిర్భయంగా ఉంటాడు. పీఠాధిపతుల వాదనలన్నింటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. దానికి దాఖలా మన ఇళ్లలోనే ఉంది.

భర్త హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తుండగా భార్య హెచ్-4 వీసాపై వెళ్తుంది. ఆమె అక్కడ ఉండే హక్కు భర్త ఉద్యోగాన్ని ఆశ్రయించి ఉంటుంది. చేయి చేసుకొనే భర్త ఆమెతో మొదట అనే మాట, "పోలీసులకు చెప్పావంటే నిన్నే ఇండియాకు పంపించేస్తారు" అని. పోలీసు వేరు, ఇమ్మిగ్రేషన్ అధికారి వేరు అని తెలిసిన అమ్మాయిని ఆ మాట బెదిరించలేదు. ఇద్దరూ ఒకటైపోయిన చోట అదే మాట ఆమె నోరు నొక్కుతుంది. అమెరికా కాంగ్రెసు 2000లో యు వీసాను ఏర్పాటు చేసింది. గృహహింస వంటి నేరాలకు గురై, దర్యాప్తుకు సహకరించినవారికి అది వర్తిస్తుంది. ఏటా 10,000 మందికి మించి ఇవ్వరు గనుక ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వస్తుంది. దానికి దరఖాస్తు చేయాలంటే, బాధితురాలు సహకరించిందని పోలీసు శాఖో ప్రాసిక్యూటరో సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అంటే ఆమెను కాపాడే కాగితం మీద సంతకం చేయవలసినవాడు ఆమె భయపడుతున్న పోలీసే. భర్తకు గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉంటే, అతని ప్రమేయం లేకుండా తానే దరఖాస్తు చేసుకొనే మార్గం 1994 నాటి చట్టంలో ఉంది.

అందువల్ల తల్లులు కుమార్తెలకు చెప్పవలసిన మాట ఇది: ప్రాణానికి ముప్పు ఉంటే 911కు ఫోను చేయాలి, ఇంగ్లీషు తడబడితే తెలుగు భాషా సహాయం అడగాలి, పోలీసు ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను రాసి ఇంటికి పంపాలి, ఆ తరువాత ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి. "సర్దుకుపో తల్లీ" అన్న మాట మనం చెప్పకూడదు. పాస్‌పోర్టు, పెళ్లి ధ్రువపత్రం, పిల్లల జనన పత్రాల నకళ్లు పుట్టింట ఒక జత ఉండాలి. మొగుడు దాచిపెట్టిన రోజున అవే అక్కరకు వస్తాయి.

బిడ్డకు ఫోనులో చెప్పవలసిన మాటలు

విదేశానికి వెళ్లాలని నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకున్న కుటుంబాలు, మరియమాతకు నవదిన ప్రార్థన చేసిన కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వీసా వచ్చిన రోజున సంతోషంతో పాటు ఈ మాటలు కూడా చెప్పాలి.

కారు ఆపితే ఆగాలి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచాలి. లైసెన్సు, వాహన నమోదు పత్రం, బీమా చూపాలి. జరిమానా చలానాపై సంతకం పెట్టడం నేరాన్ని ఒప్పుకోవడం కాదు, కోర్టుకు హాజరవుతాననో రుసుము చెల్లిస్తాననో ఇచ్చే మాట, దానిపై పెట్టవచ్చు. ఎక్కడ పుట్టావు, దేశంలోకి ఎలా వచ్చావు వంటి ప్రశ్నలకు మాత్రం న్యాయవాదితో మాట్లాడకుండా జవాబు చెప్పనని మర్యాదగా అనే హక్కు ఉంది. అబద్ధం చెప్పకూడదు. ముఖ్యంగా తాను అమెరికా పౌరుడినని ఎన్నడూ చెప్పకూడదు. ఆ ఒక్క అబద్ధం వల్ల ఆ దేశపు తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. మరోవైపు, 18 ఏళ్లు నిండిన విదేశీయుడు తన నమోదు పత్రాన్ని దగ్గర ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. అందువల్ల ఐ-94 (దేశంలోకి ప్రవేశించిన వివరం, ఉండదగిన గడువు తెలిపే పత్రం) ముద్రిత ప్రతినో గ్రీన్ కార్డునో వెంట పెట్టుకోవాలి. స్థితి సక్రమంగా ఉన్నవారు ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగినప్పుడు ఆ పత్రాన్ని చూపడమే మేలు.

కూతురికి పురుడు పోయడానికి వెళ్లే తల్లులకు కూడా ఇది వర్తిస్తుంది. పాస్‌పోర్టులోని వీసా ముద్రపై 10 ఏళ్ల గడువు కనిపిస్తుంది గాని, ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది ఐ-94లోని తేదీ. సాధారణంగా అది 6 నెలలకు మించదు. ఈ రెండు తేదీలను కలగాపులగం చేసుకొని గడువు దాటిపోయిన పెద్దవాళ్లు ఉన్నారు.

ఇంటి తలుపు తట్టితే తెరవకుండానే వారంటు చూపమని అడగాలి, తలుపు కింద నుంచి లోపలికి తోయమనాలి. న్యాయమూర్తి సంతకం, కోర్టు పేరు, సరైన చిరునామా ఉన్న వారంటు ఒక రకం. ఐ-200, ఐ-205 అనే సంఖ్యలతో ఇమ్మిగ్రేషన్ అధికారులే సంతకం చేసుకొనే వారంటు మరొక రకం. ఈ రెండవ రకం కాగితంతో ఇంట్లోకి ప్రవేశించాలంటే ఇంటివారి అంగీకారం కావాలన్నది రాజ్యాంగపు నాలుగవ సవరణపై ఆధారపడిన సూత్రం. అయినా బలవంతంగా వస్తే అడ్డుపడకూడదు, పరుగెత్తకూడదు. "నేను అంగీకరించడం లేదు" అని నోటితో చెప్పి ఊరుకోవాలి.

దుకాణంలో సరుకు తీసుకొని బిల్లు కట్టలేదన్న కేసులో చిక్కుకున్న పిల్లలు త్వరగా బయటపడాలని నేరం ఒప్పేసుకుంటారు. ఒప్పుకోలు వల్ల వీసాకు ఏమి జరుగుతుందో క్రిమినల్ న్యాయవాది ముందే చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇచ్చింది. ఆ సలహా అడగకుండా ఏ కేసులోనూ తల ఊపకూడదు. 2025 ఏప్రిల్‌లో విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సెవిస్ అనే ఫెడరల్ వ్యవస్థలో వేలమంది నమోదులు రద్దయినప్పుడు, వారిలో చాలామందిపై ఉన్నవి చిన్న ట్రాఫిక్ కేసులు, కోర్టు ఎన్నడో కొట్టివేసిన కేసులు. పోలీసు రికార్డులతో విద్యార్థుల పేర్లను సరిపోల్చి చూసినందున ఆ గండం వచ్చింది. వ్యాజ్యాలు పడిన తరువాత నెలాఖరులో నమోదులను పునరుద్ధరించారు గాని, ఆ మూడు వారాలు ఆ ఇళ్లలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

గుడిలోకి వెళ్లి తలదాచుకోమని మాత్రం చెప్పకండి. ఆలయాలు, బడులు, ఆసుపత్రుల వద్ద అరెస్టులు చేయకుండా ఉండే ఫెడరల్ విధానాన్ని 2025 జనవరిలో ఉపసంహరించారు. ఆ భయం ఎంతవరకు వెళ్లిందంటే, కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో పీఠాధిపతి అల్బెర్టో రోహాస్ ఆ జూలైలో, పట్టుబడతామని భయపడే విశ్వాసులకు ఆదివారపు దివ్యపూజ విధి నుంచి మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఆలయం అన్నం పెట్టగలదు, న్యాయవాదిని చూపగలదు. చట్టం దృష్టిలో కోట కాలేదు.

నిర్బంధంలోకి తీసుకున్నారని తెలిస్తే

ఇక్కడి నుంచి చేయగల మొదటి పని, మనిషి ఎక్కడ ఉన్నాడో కనుక్కోవడం. ఐసీఈ వెబ్‌సైటులోని వెతుకులాట పేజీలో, ఇమ్మిగ్రేషన్ అధికారులు విదేశీయునికి కేటాయించే, 'ఎ' అక్షరంతో మొదలయ్యే 9 అంకెల సంఖ్యను, పుట్టిన దేశాన్ని ఇస్తే వివరం వస్తుంది. ఆ సంఖ్య లేకపోతే పేరుతో వెతకాలి, పేరు అక్షరం తప్పకుండా సరిపోవాలి. మన పేర్లతో చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంటిపేరు ముందు పెట్టే మన పద్ధతి వేరు, పాస్‌పోర్టులో రెండు గళ్లలో నింపిన పద్ధతి వేరు. కొందరి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి, అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పాస్‌పోర్టు నకలు ముందు పెట్టుకొని, పేరు, ఇంటిపేరు తారుమారు చేసి కూడా వెతకాలి. కౌంటీ జైలులోనే ఉన్నవారి వివరం ఈ పేజీలో రాదు. దానికి ఆ షెరీఫ్ కార్యాలయపు ఖైదీల జాబితా చూడాలి.

రెండవది భారత కాన్సులేటు. 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం అరెస్టయిన విదేశీయునికి తన దేశపు కాన్సులేటుకు కబురు చేయమని కోరే హక్కు ఉంది. కొన్ని దేశాల పౌరుల విషయంలో అమెరికా అధికారులు అడగకపోయినా తెలియజేయాలి. భారతదేశం ఆ జాబితాలో లేదు. కాబట్టి బిడ్డ తానే నోరు తెరిచి అడగాలి, ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. టెక్సాస్‌కు హ్యూస్టన్, జార్జియా, ఫ్లోరిడాలకు అట్లాంటా, న్యూజెర్సీకి న్యూయార్క్ కాన్సులేటు. తల్లిదండ్రులు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో కూడా అర్జీ పెట్టవచ్చు.

మూడవది న్యాయవాది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం న్యాయవాదిని ఇవ్వదు. అమెరికా పీఠాధిపతులు 1988లో స్థాపించిన క్లినిక్ అనే న్యాయ సహాయ సంస్థ పరిధిలోని కార్యాలయాలు, మేత్రాసనాలలోని క్యాథలిక్ చారిటీస్ శాఖలు తక్కువ రుసుముతో ఈ కేసులు చూస్తాయి. న్యాయవాది కాకపోయినా అక్కడి న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులు కూడా వాటిలో ఉంటారు. సాయం పొందడానికి కతోలికులై ఉండనవసరం లేదు. తెలుగు మేత్రాసనాల నుంచి వెళ్లి అక్కడి విచారణలలో సేవ చేస్తున్న గురువులు ఉన్నారు. మీ విచారణ గురువులను అడిగితే దగ్గరలో ఎవరున్నారో కనుక్కోవడం కష్టం కాదు. కన్సల్టెన్సీ వారిని న్యాయ సలహా అడగకండి. బెయిలు ఇప్పిస్తామని ఇక్కడికి ఫోను చేసి డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి పంపకండి. న్యాయవాది చెప్పేదాకా ఆగండి. దేశం విడిచి వెళ్లడానికి సమ్మతిస్తున్నట్లు గాని, న్యాయమూర్తి విచారణ వద్దనుకుంటున్నట్లు గాని ఉన్న కాగితంపై న్యాయవాది చూడకముందు సంతకం చేయవద్దని, మాట్లాడే అవకాశం దొరికిన మొదటి ఫోనులోనే బిడ్డకు చెప్పండి.

ఇంట్లో ఉండవలసిన కాగితం

ఒక తెల్లకాగితంపై పాస్‌పోర్టులో ఉన్నట్లే పేరు, పుట్టిన తేది, పాస్‌పోర్టు సంఖ్య, వీసా రకం, ఐ-94 గడువు, 'ఎ' సంఖ్య ఉంటే అది, ఉంటున్న కౌంటీ, కాన్సులేటు, అక్కడ మన మాట వినే ఒక స్నేహితుని ఫోను నంబరు, ముందే మాట్లాడి పెట్టుకున్న న్యాయవాది నంబరు రాయాలి. పిల్లలున్నవారైతే, తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు బడి నుంచి పిల్లలను ఎవరు తీసుకువెళ్లాలో అక్కడ నోటరీ చేయించిన అధికార పత్రం నకలు దానికి జతచేయాలి. సెప్టెంబరు చివరి ఆదివారం శ్రీసభ వలసదారుల, శరణార్థుల దినం పాటిస్తుంది. ఏటా ఆ రోజున బిడ్డకు ఫోను చేసి వివరాలు సరిచూసి మార్చుకుంటే మరపు రాదు. కావలి తండ్రి ఆ కాగితాన్ని తన భార్యకు, ఇంగ్లీషు చదవగల పక్కింటి అమ్మాయికి చూపి, బీరువాలో ఆస్తి దస్తావేజుల మీద పెట్టారు.